నలభై అయిదు అక్షరాల జబ్బు

బోర్డులు రాసే ఆ పెయింటర్‌ని అందరూ 'అర్థాలాయన' అంటారు. ఎవరు ఏ ఇంగ్లీషు మాట రాయమన్నా ముందు దాని అర్థం చెప్పాలి. చెప్పకపోతే బ్రష్ డబ్బాలోంచి బయటికి రాదు. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆయనకు కొట్టిన పిండే, మాటలుగా కూడితే మటుకు ఒక్కటీ కొరుకుడు పడదు. కుర్రతనంలో ఒకసారి మేనత్త బట్టలు కుట్టే కొట్టు తలుపు మీద, ఆ గది యజమాని చీటీ మీద రాసిచ్చిన నాలుగు ముక్కలూ కొట్టు పేరే అనుకుని ముత్యాల్లా రాసి వచ్చాడు. అది గది ఖాళీ చేయమనే నోటీసని మర్నాడు ఆవిడ ఏడుస్తూ వచ్చాక తెలిసింది. ఆ రోజు నుంచీ ఇదే పద్ధతి.

ఈసారి పని బడి ప్రహరీ గోడ మీద. ఇంగ్లీషులో ఎక్కడా లేని పొడుగు మాటలు పది రాయాలి, దారినపోయేవాళ్లు నోరు వెళ్లబెట్టాలి, ఇదీ హెడ్మాస్టరు గారి కోరిక. అర్థాలెందుకు, అవీ రాస్తే గోడ దండగ అన్నాడాయన. రాయకపోయినా సరే, అర్థం తెలియందే నాకు చెయ్యాడదు అన్నాడు పెయింటర్. చివరికి ఆ పని ఇంగ్లీషు టీచరమ్మ మీద పడింది. ఆవిడ మంచిది, విసుక్కోకుండా చెప్పేది.

మొదటి మాట ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. దేన్నయినా పూచికపుల్లలా తీసిపారేయడమట. దానికింత హంగామా ఎందుకు, మా ఆవిడ మూతి ఒక్కసారి తిప్పితే చాలదా అన్నాడు పెయింటర్. ఇంకోటి అంతకన్నా పొడుగు, పొడుగు మాటలంటే భయపడే రోగానికి పెట్టిన పేరట. పాపం, భయపడేవాడికే ఇది తగిలించాలా అని ఆయన నిచ్చెన మీదే నవ్వాడు.

మూడోది రోడ్డు వైపు గోడంతా పట్టేది. సుద్ద దారం కొట్టి, గళ్లు లెక్కపెట్టుకుంటే నలభై అయిదు అక్షరాలు. న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కెనోకోనియోసిస్. అది కావాలనే పొడుగ్గా అల్లిన మాటేనని, జబ్బు మాత్రం నిజమైనదేనని చెప్పింది టీచరమ్మ. కంటికి కనపడనంత సన్నటి రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోయి పేరుకుంటుందట. మెల్లమెల్లగా అవి గట్టిపడిపోతాయట. చేరింది ఇక బయటికి రాదట.

ఆయన బ్రష్ కింద పెట్టి నిచ్చెన దిగాడు.

ఆయన తమ్ముడు రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. నిండా నలభై అయిదేళ్లు లేవు, నాలుగు మెట్లెక్కితే అయిదో మెట్టు మీద కూర్చుంటాడు. మూడేళ్ల కిందట ఫ్యాక్టరీ వాళ్లు అందరికీ ఎక్స్‌రేలు తీసి, తలా ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టారు. నీకు దుమ్ము పడటం లేదు, అంతే, మూతికి గుడ్డ కట్టుకుని పని చేసుకో అని చెప్పి ఫ్యాక్టరీ డాక్టరు దగ్గు మందు రాశాడు. ఆ కాగితం పెయింటర్ కూడా చూశాడు. లోకంలో ప్రతి మాటకీ అర్థం అడిగే మనిషి, దానికి మాత్రం అడగలేదు. డాక్టరు చెప్పాడు కదా అనుకున్నాడు.

మర్నాడు ఆ కాగితం తెచ్చి టీచరమ్మకిచ్చాడు. ఆవిడ చదివి, మడిచి తిరిగిచ్చింది. అదే జబ్బు, ఇక్కడ చిన్న పేరు రాశారు అంది.

అన్నదమ్ములిద్దరూ తిన్నగా ఫ్యాక్టరీ డాక్టరు గదికి వెళ్లారు. పెయింటర్ కాగితం బల్ల మీద పెట్టి ఇదేమిటని అడిగాడు. డాక్టరు తొణకలేదు, బెణకలేదు.

"అప్పుడే పని మానేసుంటే ఇంతవరకూ వచ్చేది కాదు" అన్నాడు.

"మానెయ్యమని మాకెవరు చెప్పారండీ?"

"రాసే ఇచ్చాంగా. కాగితం మీ దగ్గరే ఉందిగా."

ఇదెక్కడి న్యాయమండీ? దుమ్ము పడటం లేదు అని చెప్పిన నోటికి, దుమ్ము చంపేస్తుంది అని చెబితే ముత్యాలు రాలిపోతాయా? చదవలేనివాడి చేతిలో చదవలేని కాగితం పెట్టి, రాసిచ్చామని చేతులు దులుపుకోవడం చదువా, దొంగతనమా? మూడేళ్లు! ఆ మూడేళ్లూ రోజుకో గుప్పెడు రాయి ఆ మనిషి గుండెల్లోకి పోతూనే ఉంది. అదే ఫ్యాక్టరీలో అలాంటి కాగితాలు ఇంకెన్ని ఇళ్లల్లో పరుపుల కింద ఉన్నాయో!

పెయింటర్ అక్కడ గొంతు పెంచలేదు. తమ్ముణ్ణి ఇంటి దగ్గర దింపి బడికి వచ్చాడు. గోడ మీద గళ్లన్నీ తుడిచేసి కొత్తగా దారం కొట్టాడు. పొద్దు వాలేసరికి నలభై అయిదు అక్షరాల మాట ఒక మూలకి, చీమల బారంత సన్నగా వెళ్లిపోయింది. మిగతా గోడంతా మన తెలుగు అక్షరాలే, ఒక్కొక్కటీ మూరెడు: రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని ప్రాణం తీసే జబ్బు. దాని కింద ఇంకో వరస: మీ ఎక్స్‌రే కాగితం చదివించుకోండి.

మర్నాడు హెడ్మాస్టరు వచ్చి గోడ చూసి మండిపడ్డాడు. తను చెప్పిందేమిటి, ఈయన రాసిందేమిటి, తక్షణం చెరిపేయమన్నాడు. మీరే చెరుపుకోండి అని పెయింటర్ బ్రష్ ఆయన చేతికి అందించాడు. అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు పదిమంది దాకా గోడ ముందు ఆగి ఉన్నారు. ఒకడు కాగితం కోసం ఇంటికి పరుగెత్తాడు. గేటు దగ్గర బల్ల వేసుకుని టీచరమ్మ మరొకడి కాగితం చదువుతోంది. హెడ్మాస్టరు అందర్నీ ఒకసారి చూసి, బ్రష్ డబ్బాలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

తమ్ముడు కూడా వచ్చాడు. ఆ రోజు పనికి వెళ్లలేదు, ఇక వెళ్లడు. గోడకి ఎదురుగా అరుగు మీద కూర్చుని, దమ్ము తీసుకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుని పైకి చదివాడు. చదవడం అయ్యాక అన్న వైపు తిరిగాడు.

"ఇంతేనా అన్నయ్యా? నేనే నాలుగు దమ్ముల్లో చదివేశాను. ఇది చెప్పడానికి ఆ డాక్టరుకి మూడేళ్లు చాల్లేదా?"