అందరూ అయిపోయాక మిగిలినవాడు

అమెరికాలో, ట్రాయ్‌లో మేమున్న ఆ ఏళ్లలో ఆదివారమంటే మా ఊరి ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోయే రోజు. అయినా ఆఫీసులో ఎవరూ ఆశ వదులుకునేవారు కాదు. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను మొదట ఎంచుకునే హక్కు అందరికన్నా వెనకబడ్డ టీమ్‌కే ఇస్తారట, గెలిచిన టీమ్ చివర్లో ఎంచుకోవాలట. అది విని నాకు మతిపోయింది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి మంచి సీట్లన్నీ అయిపోయిన అనుభవం నాది. చివరి ర్యాంకువాణ్ణి ముందు పిలిచే దేశం ఒకటుందని అప్పుడే తెలిస్తే అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

ఆకులు రాలే రోజుల్లో మేం తెలుగువాళ్లం కూడా స్కూలు గ్రౌండులో ఆ ఫుట్‌బాలే, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, ఆడేవాళ్లం. మీదపడి కూలదోయడాలు ఉండవు, బంతి పట్టుకున్నవాడి నడుముకు వేలాడే గుడ్డ పీకితే చాలు. ఉన్నవి నాలుగు టీములు, గెలిచేది ఎప్పుడూ ఒక్కటే. మిగతావాళ్లు విసుగెత్తి రావడం మానేస్తున్నారు. అందుకని ఏటా కెప్టెన్లు మనుషుల్ని కొత్తగా ఎంచుకోవాలని, ఓడినవాళ్లు ముందు, గెలిచినవాళ్లు చివర అని నేనే ప్రతిపాదించాను. అంతా లీగ్ బాగు కోసమేనని ఉపన్యాసం కూడా ఇచ్చాను. లోపల నా లెక్క వేరు. చివరి టీమ్ మనుషుల కరువులో ఉంటుంది కదా, నన్ను తొందరగానే పిలుస్తారనుకున్నాను. ఇంకా నలుగురు మిగిలుండగా నా పేరు వినాలన్నది నా చిన్నప్పటి కోరిక.

మొదటిసారి ఎంపికలో, కిందటేడు గెలిచిన ఛాంపియన్ల టీమ్‌లో పడ్డాను. మరుసటి ఏడు కొత్త ఛాంపియన్లు, నేను మళ్లీ వాళ్లలోనే. ఇంట్లో కాలరెగరేశాను.

"ఎప్పుడూ గెలిచిన టీమ్‌లోకే వెళ్తున్నారు, అంత బాగా ఆడతారా మీరు?" అంది మా ఆవిడ దోసె తిరగేస్తూ.

"మరేమనుకున్నావు?"

"అవునూ, అందర్నీ ఎంచుకున్నాక ఒకడు మిగులుతాడు కదా. వాణ్ణి ఎవరు తీసుకుంటారు?"

చివర్లో ఎంచుకునేవాళ్లే, అంటే ఛాంపియన్లే తీసుకుంటారు. ఆ ముక్క మింగేసి ఇంకో దోసె అడిగాను.

లీగ్ మటుకు మహా బాగుపడింది. ఎవరు గెలిచినా మరుసటి ఏడు నేను వెళ్లి వాళ్లను కిందికి లాగేవాణ్ణి. ఎవరికీ విసుగు పుట్టలేదు, అందరూ రావడం మొదలెట్టారు.

మూడో ఏడు మా టీమ్ ముందే ఓడిపోవడంతో ఫైనల్‌ను గీత బయట నిలబడి చూశాను. ఎవరు గెలిస్తే నాకు బాగుంటుందా అనే చూశాను. గెలిచిన టీమ్ కెప్టెన్ నాకంటే బాగా చిన్నవాడు, వరంగల్ కుర్రాడు. కప్పు పైకెత్తి గంతులేస్తూ నన్ను చూశాడు. అతని నవ్వు సగంలో ఆగింది. నాకు నిజంగానే బాధేసింది.

"వచ్చే ఏడు నేను మీ టీమేనోయ్" అన్నాను, ముందుగా నేనే నవ్వేసి.

"ఏం జేస్తమన్నా" అంటూ అతను కప్పు కిందికి దించాడు. "రూల్ నువ్వు పెట్టిందే గదా."