తలకెత్తుకున్న మూట

నిరుడు శ్రీరామనవమికి మా సత్సంగం వాళ్లం టేకులపల్లి నుంచి భద్రాచలానికి కాలినడకన బయలుదేరాం. గోటితో వడ్లు ఒలిచి నేను సిద్ధం చేసిన తలంబ్రాలను పసుపు గుడ్డలో మూటకట్టి, దారంతా తలపై మోస్తానని మొక్కుకున్నాను. మిగిలిన గుడ్డలో మావారి కొత్త చెప్పులు కట్టి సామాన్ల ఆటోలో పెట్టాను.

పాల్వంచలో కాసేపు ఆగినప్పుడు మూటను ఆటోలో ఉంచి, మళ్లీ తలకెత్తుకున్నాను. తేలిగ్గా అనిపిస్తే రామయ్య దయ అనుకున్నాను. అడవి దారిలో అరికాళ్లు బొబ్బలెక్కుతున్నా, రాముడి పాదుకలను భరతుడు తలపై మోసిన కథ అందరికీ చెబుతూ నడిచాను.

"నా చెప్పులు ఏడ పెట్టినవే?" అని వెనక నుంచి మావారు.

"ఆటోలనే ఉన్నయ్. మనసు దేవుని మీద పెట్టుండ్రి!" అని కసిరాను.

సాయంత్రం బసలో మూటను పీట మీద పెట్టి హారతిచ్చాం. అందరూ సాష్టాంగపడ్డారు. పసుపు కలుపుదామని ముడి విప్పితే లోపల చెప్పులు!

ఆటో దగ్గరికి పరుగెత్తాను. తలంబ్రాలు భద్రంగా ఉన్నాయి. నా మొక్కే సగంలో ఆగిపోయింది.

"ఏడుస్తవేందే? దొర పాదుకలు మంచిగనే మోసినవ్ గదా!" అంది మా అత్తమ్మ. అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు పాల్వంచకు తిరిగి వెళ్లి, తలంబ్రాలతో ఆ దారంతా మళ్లీ నడిచాను. మావారూ తోడొచ్చారు, చెప్పులు తొడుక్కుని.

చెప్పులు మోసుకుంటూ నా భక్తి చూసి నేనే మురిసిపోయిన రోజది. ఇప్పటికీ సత్సంగంలో భరతుడి కథ మొదలుపెడితే చాలు, అందరి చూపూ మావారి కాళ్ల మీదికే పోతుంది.