వాల్వుకు పట్టే నిమిషాలు

నాచారంలో ఆ రేకుల షెడ్డు దగ్గర మనిషి కంటే ముందు చప్పుడు ఎదురొస్తుంది, ఇత్తడిని ఎవరో నిద్ర లేపుతున్నట్టు. ఆ చప్పుడు వెనక పాండురంగ ఉంటాడు. ఎన్నో ఏళ్ళుగా వాల్వులకు రంధ్రాలు వేయడమే అతని పని.

తొంభై మూడులో యజమాని ఉమామహేశ్వర్ యూరప్ నుంచి వచ్చిన కూలి రేట్ల పట్టిక ఒకటి తెచ్చాడు.

"సూడు పాండన్నా, గంటకు పోర్చుగల్ల ఇచ్చే కూలి జర్మనీల పావు వంతు గూడ లేదు. చవకగున్నోనికే ఆర్డర్లు. వచ్చే నెల సంది మీ కూలి తగ్గిస్త."

"మరి గంత కూలిచ్చే జర్మనోడు దుకాణం ఎందుకు బంద్ జేస్తలేడు సేటు?"

పాండురంగ గోడ గడియారం దించి మిషన్ పక్కన పెట్టాడు. అరిగిపోయిన బర్మాతో ఒక వాల్వుకు రంధ్రాలన్నీ వేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఉప్పల్‌లో బావమరిదిని అడిగి తెచ్చిన కొత్త బర్మా బిగించి ఇంకొకటి చేశాడు. తొమ్మిది.

"గా కాయితంల గంటకు ఎంత ఇస్తరో ఉన్నది గని, గంటల ఎన్ని వాల్వులు జేస్తరో లేదు."

కూలి తగ్గలేదు. కొత్త బర్మాలు వచ్చాయి.

అతను చెప్పిందంతా రాసుకుని నేను లేవబోతుంటే పాండురంగ ఆపాడు. "నా పేరు రాయకున్నా ఫికర్ లేదు సార్. ఇరవై, తొమ్మిది, గా రెండు అంకెలు మాత్రం తప్పు రాయకుండ్రి."