కాయ కాయని ఆగాకర తీగ

చేతికి డిగ్రీ రాకముందే నోటికి డిగ్రీ వచ్చేసే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో, బీఎస్సీ బోటనీ రెండో ఏడాదిలో, ఒక ఆదివారం పొద్దున్న మా పక్క రైల్వే క్వార్టర్ అత్తయ్య కంచె మీది ఆగాకర పాదులో రెండు తీగల్ని దుంపలతో సహా పీకి చెత్తబండిలో వేశాను. తప్పు పూర్తిగా నాదే. ఆవిడ పెళ్ళికని విజయనగరం వెళ్తూ "కంచె కింద గడ్డి పీకు నాన్నా" అంది గాని తీగల జోలికి వెళ్ళమనలేదు. మిగతా మూడు తీగల మొగ్గల కింద బుల్లి ముళ్ళ పిందెలున్నాయి. ఈ రెండింటికీ పువ్వులే తప్ప పిందె లేదు. ఎరువు దండగనుకున్నాను. (ఆగాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరని అంతకు మూడు నెలల ముందే పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. మార్కులు బాగానే వచ్చాయి.)

ఇక్కడి బజారులో ఖేక్సీ అనే ఈ కాయలకి మా తార్‌బహార్ కాలనీలో అత్తయ్య పాదు పెట్టింది పేరు. ఆ ఆగస్టు నెలాఖరుకి మావయ్య రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చేసేలోగా, ఆ కంచె మీది ఆఖరి కాపుతో మావయ్య ఇంజిన్ల షెడ్ వాళ్ళందరికీ వేపుడు పెట్టాలని ఆవిడ కోరిక. తీరా ఊరి నుంచి వచ్చేసరికి పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. "ఏటిరా ఇది?" అంటే "వానలెక్కువయ్యాయి అత్తా" అన్నాను. రెండు రోజులు ఆ కంచె వైపు చూడకుండా తిరిగాను. మూడో రోజు వెళ్ళి ఉన్నది చెప్పేశాను. అత్తయ్య రాలిన పిందెలు ఏరుతూ ఉండిపోయింది. మావయ్యే అన్నాడు: "ఓరి నీ చదువు కూలా! ఇంజిన్లు పీకేసి, డబ్బాలెందుకు కదల్లేదేటని చూస్తన్నావా?"

ఆ మాట గుచ్చుకుంది. పుస్తకం మళ్ళీ తీశాను, ఈసారి మార్కుల కోసం కాదు. ఆగాకర పువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. అడుగున దొప్పలాంటి చిన్న ఆకుంటే మగది. ఊరి చివర మోప్కా పొలంగట్ల మీద మగ తీగలు దొరికాయి. రోజూ స్కూటీ మీద వెళ్ళి, విచ్చబోయే పువ్వుల్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చి, ఒక్కో ఆడపువ్వుకి పుప్పొడి అద్దేవాణ్ణి. "ఫూల్ లా ఖాబే కా బాబూ?" అని, పువ్వులు తింటావా అని, ఆ పొలం అమ్మ నవ్వేది. ఇక్కడ అత్తయ్య కుర్చీ వేసుకుని, "అచ్ఛా, పంతులుగారొచ్చినారు. ముహూర్తం దాటిపోతంది, కానీ నాన్నా!" అనేది. మొదటి నాలుగు రోజుల పుప్పొడీ వాన కడిగేసింది (ఈసారి నిజంగానే వాన). అయిదో రోజు నుంచి ఒక చేత్తో గొడుగు పట్టుకుని అద్దాను. మానలేదు.

రిటైర్మెంటు రోజున విస్తరికి మూడేసి ముక్కలొచ్చాయి. నాకు అత్తయ్య నాలుగు వేసింది. "మగపెళ్ళివారు కదా, మర్యాద చెయ్యాలి" అంది.

తోర్వాలో వాళ్ళ కొత్తింటికి ఆడ దుంపల్ని నేనే మోశాను. మోప్కా పొలం అమ్మని అడిగి తెచ్చిన మగ దుంపని వాటి పక్కన పాతాను. ఇప్పుడు నా ఇల్లూ మోప్కాలోనే. మా వీధిలో నాలుగిళ్ళ గోడల మీద ఆడ తీగలున్నాయి, నా గోడ మీద ఒక్క మగ తీగ. దానికి నీళ్ళు పోస్తుంటే మా అమ్మాయి, "పప్పా, యే తో వేస్ట్ హై, ఒక్క కాయ కూడా రాదు" అంటుంది. అచ్చం నా గొంతే. నవ్వుకుని, చెంబు దాని చేతికిస్తాను.