ఊకలో ఐసుగడ్డ

నా చిన్నప్పుడు ఐసు మా ఇంట్లో చిరుతిండి కాదు, మందు. కాకినాడ రేవులో, చేపల కోసం పెట్టిన ఐసు ఫ్యాక్టరీలో మా తాతయ్య గడ్డలు మోసేవాడు. అప్పటికి ఏడాదిగా మా అమ్మకు జ్వరం. పగలు కాస్త దిగి, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు పెనంలా కాలిపోయేది. డాక్టరుగారు మందులు మార్చి మార్చి, చివరికి మా నాన్నని బయటికి పిలిచి ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాన్న లోపలికి వచ్చిన తీరులోనే నాకు తెలిసిపోయింది.

అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కనుక నేను బడికి పోలేదు. తాతయ్యే మంచం పక్కన కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ అక్కడ వచ్చినవే. ఇప్పటికీ పుస్తకం తెరిచే ముందు ఆ మంచాన్ని తలుచుకుని దండం పెట్టుకుంటాను.

తాతయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు కొబ్బరికాయంత ఐసుగడ్డ ఊకలో పొదిగి, గోనెలో చుట్టి తెచ్చేవాడు. సాయంత్రం జ్వరం పెరిగాక దాన్ని కొట్టి, గుడ్డలో కట్టి అమ్మ నుదుటి మీద పెట్టేవాడు. ఒకరోజు గోనె మూట నా ముందు పెట్టి, "అమ్మడూ, నేనొచ్చేదాకా ఇది విప్పకు" అని చెప్పి పనికి వెళ్లిపోయాడు.

విప్పకూడదని నాకు తెలుసు. కానీ లోపల కరిగిపోతోందేమోనని భయం. ఒకసారి విప్పి చూశాను, ఉంది. ప్రాణం కుదుటపడింది. కాసేపటికి మళ్లీ భయమేసింది. అలా ఎన్నిసార్లు చూశానో! చూసినప్పుడల్లా కొంత ఊక రాలిపోయింది, కొంత గాలి తగిలింది. దీపం పెట్టే వేళకి తాతయ్య వచ్చి విప్పితే, తడిసిన గోనెలో నిమ్మకాయంత ముక్క ఉంది. అవతల అమ్మ జ్వరంతో మూలుగుతోంది. నేను తలుపు వెనక నక్కి ఏడ్చాను.

తాతయ్య కొట్టలేదు. ఆ ముక్కకి అంటిన ఊక కడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పాడు. ఎక్కడో చలిదేశాల్లో చలికాలం చెరువులు రాయిలా గడ్డకడతాయట. పిల్లలు మంచుతో మనిషి బొమ్మ చేసి బొగ్గుముక్కలు కళ్లుగా పెడతారట. పెద్దవాళ్లు ఆ చెరువుని రంపాలతో కోసి, పలకలు పలకలుగా రంపపు పొట్టులో పేర్చి, ఓడలకెక్కించి నెలల తరబడి సముద్రం మీద మద్రాసు దాకా తెచ్చేవారట. ఇక్కడ ఫ్యాక్టరీలు లేని రోజుల మాట. దారిలోనే చాలా మటుకు నీరైపోయేదట.

"కరిగిపోద్దని తెలిసీ ఎందుకు ఎక్కించారు తాతయ్యా?" అన్నాను వెక్కుతూ.

"కరక్కుండా ఆపడం ఎవరి వల్లా కాదే అమ్మడూ. కాస్త నెమ్మదిగా కరిగేటట్టు చూడ్డమే మన పని. విప్పి చూస్తే నీ భయం తీరుద్దేమో గానీ, ఐసు నిలవదు."

ఆ నిమ్మకాయంత ముక్కని అమ్మ పెదాల మీద ఆనించాడు. అమ్మ కళ్లు తెరిచి, "దీనికేనా ఏడుపు? రేపు నీ కన్నీళ్లే గడ్డకట్టించి తెమ్మందాంలే మీ తాతయ్యని" అంది. నేను నవ్వేశాను. ఆ తర్వాత రెండు వారాలకే అమ్మ పోయింది. ఆ చివరి రోజు కూడా తాతయ్య ఐసు తెచ్చాడు.

ఇప్పుడు నేను అబూధాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. తన జబ్బుకి చేయగలిగింది ఏమీ లేదని చెప్పి ఆస్పత్రివాళ్లు తనని ఇంటికి పంపేశారు. మందుల మత్తులో పగలంతా పడుకునే ఉంటుంది. మొన్న డిసెంబరులో, సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు ఎండలో నిలబెట్టిన దూది స్నోమ్యాన్‌ని చూసి మా మనవరాలికి ఒక ఆలోచన వచ్చింది. వాళ్లమ్మ బయటికి రాలేదు కదా, నిజం ఐసుతో ఇంట్లోనే చేసి చూపిద్దామంది. దానికి ఏడేళ్లు.

కింద బఖాలా కొట్టులో పొడిగా కొట్టిన ఐసు సంచి తెచ్చుకున్నాం. చేతులు కొంకర్లు పోయేదాకా అదిమి ఒక బొమ్మ చేశాం. కళ్లకి లవంగాలు, ముక్కుకి ఎండుమిరపకాయ. తీరా చూస్తే ఫ్రీజర్ అరలో పట్టలేదు. తల తీసేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు. పళ్లెంలో నిలబెట్టి, మంచం పక్కన పెట్టి, ఊకకి బదులు నా ఉన్ని శాలువా చుట్టేశాను. ఆఫీసు నుంచి వచ్చిన మా అల్లుడు చూసి, "శాలువా కప్పితే వేడెక్కి కరిగిపోదూ అత్తయ్యగారూ?" అని నవ్వాడు. అతని నవ్వు విని చాలా రోజులైంది.

పిల్ల ఊరుకుంటుందా? నిమిషానికోసారి శాలువా ఎత్తి, "ఉందా అమ్మమ్మా?" అంటుంది. నేను వద్దనలేకపోయాను. సాయంత్రం మా అమ్మాయి కళ్లు తెరిచేసరికి తల జారిపోయింది, మిరపకాయ నీళ్లలో తేలుతోంది.

"ఖలాస్ అమ్మమ్మా, అయిపోయింది" అని పిల్ల ఏడుపు.

మా అమ్మాయి మెల్లగా చెయ్యి చాచి, మిగిలిన ముద్దని తాకింది. "ఎవరే ఈయన? మీ నాన్నలాగే పొట్ట ఒక్కటే మిగిలింది" అంది. పిల్ల ఏడుస్తూనే నవ్వింది. తడి వేళ్లు నుదుటికి ఆనించుకుని మా అమ్మాయి మళ్లీ నిద్రలోకి జారుకుంది.

ఆ పళ్లెం ఎత్తుతుంటే నాకు తెలిసొచ్చింది. ఊపిరి ఉందో లేదోనని రోజుకి ఎన్నోసార్లు తన దుప్పటి ఎత్తి చూస్తున్నాను. నేను చూసినప్పుడల్లా తను ఉలిక్కిపడి లేస్తోంది. తాతయ్య చెప్పి అరవై ఏళ్లు దాటినా నేనింకా గోనె విప్పుతూనే ఉన్నాను.

మా అమ్మాయి కోలుకుంటుందన్న ఆశ నాకు లేదు. స్వామిని అడగడం కూడా మానేశాను. ఈ పూట ఇచ్చినందుకు మాత్రం దండం పెట్టుకుంటున్నాను. దుప్పటి ఎత్తి చూడను. అంచులు సర్ది, పక్కన కూర్చుంటాను.