ముడి కనపడని జడ

మా బావ షాపులో సోఫాలు కుడతాడు, ఇంట్లో జడలు వేస్తాడు. ఆయన దృష్టిలో ఈ రెండూ ఒకటే పని. సోఫాకి స్ప్రింగులుంటాయి, పిల్లకి ఉండవు, అంతే తేడా.

నేను ఆయన మరదల్ని. మందుల షాపులో నా ఉద్యోగానికి దగ్గరని అక్కా బావల ఇంట్లోనే ఉంటున్నాను. బావను ఏడిపించడం మరదలిగా నా హక్కు. కాబట్టి ఇందులో ఎక్కడైనా నేను ఆయన్ని ఆడిపోసుకుంటున్నట్టు అనిపిస్తే, అనిపించడం కాదు, నిజంగానే ఆడిపోసుకుంటున్నాను.

జడల గొడవ మొదలైంది అక్క డ్యూటీ మారినప్పుడు. అక్క ఆసుపత్రిలో నర్సు. తెల్లారకముందే వెళ్ళిపోయే డ్యూటీ పడింది. ఇంట్లో చూస్తే కూతురుంది. దాన్ని నేను బుడంకాయ అంటాను. మనిషి బెత్తెడు, జుట్టు బారెడు. పొద్దున్నే దానికి జడ వేసి బడికి పంపేదెవరు? అక్క నావైపు చూసింది. భుజాల పైకి కత్తిరించుకున్న నా జుట్టు చూపించి, దువ్వడం తప్ప ఇంకో విద్య రాదని చేతులెత్తేశాను. "ఈ తలనొప్పంతా ఎందుకు, దానికీ కత్తిరించేద్దాం" అంది అక్క. అక్కకి ఏ సమస్యకైనా ముందు కత్తెరే గుర్తొస్తుంది.

"కత్తెర మాటెత్తకు. మూడు పాయలేగా, నేను వేస్తా" అన్నాడు బావ.

వేశాడు. ఆ జడ బడి గేటు దాకా కూడా నిలబడలేదు. సాయంత్రం బుడంకాయ ఇంటికొచ్చిన అవతారం చూసి పక్కింటి కుక్క కూడా రెండడుగులు వెనక్కి వేసింది. బావ ముఖం మాడిపోయింది. పిల్ల గురించి కాదు, తన చేతి మీదుగా వెళ్ళింది ఊడిపోయినందుకు.

"నేను బిగించింది ఊడటమేంటి?" అని అన్నం ముందు కూర్చుని ఒకటే గొణుగుడు.

మర్నాటి నుంచి షాపులో సోఫా అంచుకు వేలాడే కుచ్చుల మీద సాధన మొదలుపెట్టాడు. మూడు పాయలు, నాలుగు పాయలు, ఐదు పాయలు. కొన్నాళ్ళపాటు ఆ షాపులోంచి బయటికెళ్ళిన ప్రతి సోఫాకీ జడలున్నాయి. తిట్టబోయిన ఓనరు, ఎవరో పెద్దావిడ వచ్చి "ఆ జడల సోఫా మాక్కూడా కావాలి" అని అడిగేసరికి నోరు మూసుకున్నాడు.

ఇక అక్కడ్నుంచి బావకి పట్టపగ్గాల్లేవు. బుడంకాయ తల మీద రోజుకో ప్రయోగం. ఒకరోజు తల చుట్టూ కిరీటంలా తిప్పేవాడు, ఒకరోజు రెండు చెవుల మీద రెండు గులాబీలు చుట్టేవాడు. సోఫాలకు వేయగా మిగిలిన లేసులు, అంచులకు కుట్టే పైపింగు, గుడ్డ చుట్టిన గుండీలు అన్నీ ఆ జడల్లోకే. మూడో ఇంటివాళ్ళ సోఫాకీ మా పిల్ల రిబ్బనుకీ ఒకటే గుడ్డ. వాళ్ళింటికి వెళ్ళి ఆ సోఫాలో కూర్చుంటే పిల్ల తల ఎక్కడుందో వెతుక్కోవాలి.

వీధిలో సంగతి తెలిసిపోయింది. ఎవరింట్లో పుట్టినరోజైనా పొద్దున్నే మా గుమ్మం ముందు ఆడపిల్లలు బారులు తీరేవారు. సందు చివర బ్యూటీపార్లరావిడకి ఇది కడుపుమంట. దారిలో కనపడితే చాలు, "ఏం అన్నయ్యగారూ, నాక్కూడా సోఫాలు కుట్టడం నేర్పరాదూ? ఎలాగూ ఖాళీగానే ఉంటున్నాను" అనేది. బావకి అందులో వెటకారం అర్థమయ్యేది కాదు. "రండమ్మా, దానికేం భాగ్యం" అనేవాడు.

ఒక్క లోపం ఉంది. బావ పాయ పట్టుకుని లాగాడంటే లాగినట్టే. ఊడకూడదన్న పట్టుదల చేతుల్లోకి దిగిపోయింది. ఆయన జడ వేశాక పిల్ల కనుబొమలు కాస్త పైకి వెళ్ళి, సాయంత్రం దాకా ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టే ఉండేది. నేను నవ్వేదాన్ని. బుడంకాయ మాత్రం కిక్కురుమనేది కాదు.

అసలది దేనికీ కిక్కురుమనదు. బడిలో ఏం జరిగిందంటే "ఏం లేదు". ఏం తింటావంటే "ఏదైనా". ముఖంలో ముఖం పెట్టి అడిగితే ఆ రెండు మాటలు కూడా లోపలికి పోతాయి. కానీ పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర పీట మీద బావకి వీపు పెట్టి కూర్చుందా, గలగలా వాగుతుంది. పక్క బెంచీ పిల్ల పెన్సిలు కొరకడం, లెక్కల టీచరు కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని గదంతా వెతకడం, చీకట్లో బీరువా చూస్తే భయమేయడం, అన్నీ ఆ పీట మీదే. నేను స్నానానికి వంతు కోసం నిలబడి అన్నీ వినేదాన్ని. బావ మధ్యలో "ఊ" తప్ప ఏమీ అనేవాడు కాదు. పిల్ల కబుర్లు ఇంకా అవ్వకపోతే, వేసిన జడ బాగాలేదని విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. జడ బాగానే ఉండేది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ పీట మీద తప్ప ఆయనకు కూతురు దొరికేది కాదు. అందుకే దాని జుట్టు కత్తిరిద్దామని అక్క అన్నప్పుడల్లా బావ మీద పిడుగు పడ్డట్టయ్యేది.

ఇలా ఉండగా బడిలో వార్షికోత్సవం వచ్చింది. అడవి మీద నాటకం. నోరు తెరవని పిల్లకి టీచరు తగిన వేషమే ఇచ్చింది: చెట్టు. మాటల్లేవు, కదలికల్లేవు, నాటకం అయ్యేదాకా నిలబడాలి, అంతే. వేరేవాళ్ళయితే నాలుగాకులు అంటించి పంపేవాళ్ళు. మా బావ మాత్రం "చెట్టంటే పిట్టగూడు ఉండొద్దూ?" అన్నాడు. ఆ చూపు చూడగానే ఇది నాలుగాకులతో పోయేది కాదని నాకు తెలిసిపోయింది.

ఆ రోజు అక్క డ్యూటీకి వెళ్ళాక పీట వేశాడు. సోఫా ఫోమును గుండ్రంగా కోసి పిల్ల నడినెత్తిన పెట్టాడు. జుట్టంతా సన్నసన్న జడలు అల్లి, ఆ ఫోము చుట్టూ తిప్పాడు. గూడు అచ్చం గూడులాగే వచ్చింది. ఆకుపచ్చ రెక్సినుతో ఆకులు, గుడ్డ ముక్కల్లో దూది కూరి పిట్టపిల్లలు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు సంచీలోంచి వంకర సూది, మైనం రాసిన నల్లదారం బయటికి తీశాడు.

"బావా, అది పిల్ల తల. దిండు కాదు" అన్నాను.

"పిన్నులు పెడితే స్టేజీ మీద ఊడి పడుతుంది. నాలుగు కుట్లు వేస్తే కొండలా ఉంటుంది."

"మరి ముళ్ళెలా విప్పుతావు?"

"ముడి కనపడిందంటే అది కుట్టినవాడు పనికిరాడు" అన్నాడు, నేనేదో ఆయన్ని అవమానించినట్టు. అది వాళ్ళ షాపులో మాట. సోఫాలో ఎక్కడా ముడి కనపడకూడదు, దారం కొస లోపలికి తోసెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా ఆయన వేలికి వేరే పద్ధతి తెలియదు. నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. అది నాకు అప్పుడే తట్టాల్సింది గానీ, నా మందుల షాపుకి టైమైపోతోంది.

షాపులో ఒక పూట సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. నాటకం అదిరిపోయింది. అంటే, చెట్టు అదిరిపోయింది. కట్టెలు కొట్టే వేషం వేసిన పిల్లాడు గొడ్డలి ఎత్తి, గూడులో పిట్టల్ని చూసి నోరెళ్ళబెట్టి తన మాటలు మర్చిపోయాడు. జనం ఒకటే చప్పట్లు. చెట్టుకి చప్పట్లు కొట్టడం నేనెక్కడా చూడలేదు. బావ కుర్చీలోంచి లేచి ఈల వేశాడు. టీచరు ఆయన్ని కూర్చోమనాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి పీట వేశాక మొదలైంది అసలు నాటకం.

ముడి కనపడలేదు. నల్లజుట్టులో నల్లదారం, కొసలన్నీ ఫోములో. పైగా అది లాగినకొద్దీ బిగుసుకునే ముడి. ఎంత లావు మనిషి ఎగిరి కూర్చున్నా తెగకూడదని వేసే ముడి అది. బావ కుట్లు విప్పే చిన్న కత్తి పట్టుకుని ఒక్కటి తెంపాడు. తెగింది దారం కాదు, జుట్టు. చేయి వెనక్కి తీసుకున్నాడు. నూనె పోశాడు. ఫోము నూనంతా తాగేసి ఇంకాస్త ఉబ్బింది. సాయంత్రం అక్క వచ్చేసరికి పిల్ల చెవుల మీదుగా నూనె కారుతోంది, పిట్టలు తడిసి ముద్దయ్యాయి, బావకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇదేంటండీ?" అంది అక్క.

"గూడు."

"గూడని నాకూ కనపడుతోంది. తీయండి."

"అదే చూస్తున్నా."

అక్క ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి పార్లరావిడని పిలుచుకొచ్చింది. ఆవిడ పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది, వేలితో గూడుని తట్టింది. ఇంత మంచిరోజు వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు.

"పనితనం బ్రహ్మాండం, అన్నయ్యగారూ. నాకైతే చేతకాదు. కత్తెర తప్ప దారి లేదు" అంది.

ఆవిడ కత్తెర పెట్టగానే బావ బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. గూడు గూడులాగే ఊడి వచ్చింది. పిల్లకి మాత్రం మగపిల్లల క్రాఫు మిగిలింది. బుడంకాయ అద్దంలో చూసుకుంది. ఏడవలేదు, నవ్వలేదు. "బాగుందా?" అని నేనడిగితే "ఊ" అంది. అంతే.

అప్పట్నుంచి మా ఇంట్లో పొద్దుటి పూట చావుకళ వచ్చింది. పిల్ల లేచి, తనే నాలుగు దువ్వులు దువ్వుకుని, టిఫిను తిని వెళ్ళిపోయేది. పీట మూలకి చేరింది. బావ పిల్ల ముఖం చూడలేక ఇంకా ముందే షాపుకి పారిపోయేవాడు. అక్కడ ఒక కుర్చీకి గుడ్డ తిరగేసి కుట్టి ఓనరుతో తిట్లు తిన్నాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీస్తూ, "దానికి నా మీద కోపం. ఇక నాతో మాట్లాడదు" అన్నాడు. ఏదో ఒకటి అని ఏడిపిద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాక మింగేశాను. నాకూ కష్టంగానే ఉంది. ఎంతైనా బావ కదా.

ఆదివారం నేను ఆలస్యంగా లేచి వంటింటి వైపు వెళ్ళాను. ఇంతవరకు చెప్పలేదు గానీ, మా బావకి బట్టతల. చెవుల పైన, మెడ మీద మాత్రం కాస్త జుట్టు మిగిలింది. ఆ కాస్త జుట్టుకీ చుట్టూరా రంగురంగుల క్లిప్పులు వేలాడుతున్నాయి. బావ నేల మీద కూర్చున్నాడు. వెనకాల కుర్చీ మీద బుడంకాయ, చేతిలో దువ్వెన, భుజం మీద రిబ్బను. పగలబడి నవ్వబోయిన దాన్ని, బావ గొంతు విని తలుపు పక్కనే ఆగిపోయాను.

"ఇంకా ఏం చెప్పమంటావు?" అంటున్నాడు.

"ఏదో ఒకటి. జడ వేయించుకునేవాళ్ళే చెప్పాలి."

"షాపులో కుర్చీ తిరగేసి కుట్టాను. ఓనరు తిట్టాడు."

"ఎందుకు తిరగేశావు?"

"నీ గురించి ఆలోచిస్తూ" అన్నాడు బావ. "జుట్టు పాడు చేశాననేగా నాతో మాట్లాడ్డం మానేశావు?"

"నేనెక్కడ మానేశాను? నువ్వేగా లేచేసరికి వెళ్ళిపోతున్నావు."

బుడంకాయ ఇంకో క్లిప్పు పెట్టింది.

"నాన్నా, ఒకటి చెప్తా. తల తిప్పకూడదు మరి."

"తిప్పను."

"నువ్వు జడ వేస్తే చాలా నొప్పేసేది. రోజూ."

బావ తల తిప్పబోయి ఆగాడు. "మరి ఒక్కరోజన్నా చెప్పలేదేం తల్లీ?"

"చెప్తే అమ్మ కత్తిరించేస్తుందిగా. అప్పుడిక నువ్వు నన్ను కూర్చోపెట్టుకోవుగా."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. బావ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పిల్ల వైపు తిరగబోయాడు. బుడంకాయ దువ్వెనతో ఆ బట్టతల మీద టపీమని ఒక్కటిచ్చి, చెవి మీది నాలుగు వెంట్రుకల్నీ రిబ్బనుతో కలిపి పట్టుకుని, అచ్చం వాళ్ళ నాన్నలాగే లాగింది. బావ కనుబొమలు నుదుటి మీదికి ఎక్కాయి.

"నొప్పా?" అంది.

"లేదమ్మా" అన్నాడు బావ.