ముప్పై శాతం కాగితం

"సర్టిఫికెట్ తీసుకురండి మేడం, చేర్చుకుంటాను" అన్నాడు హెడ్మాస్టరు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, పిల్ల వైపు అసలే చూడలేదు. బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను గుండ్రంగా తిప్పుతున్నాడు.

జూన్ నెల, బళ్లు తెరిచిన వారం. ఇల్లందు నుంచి అడవి వైపు పోయే దారిలో, ఒక మండల కేంద్రంలోని హైస్కూలు అది. పిల్ల తండా బడిలో అయిదో తరగతి పూర్తి చేసింది. అక్కడ ఆరో తరగతి లేదు. ఈ హైస్కూల్లో చేరితే చదువు, లేకపోతే తల్లి వెంట పత్తి చేలకు. మధ్యలో మూడో దారి లేదు.

పిల్లకు పుట్టుకతోనే కుడిచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి మడుచుకుపోయింది. మాట సాగుతుంది. ఒక మాట తర్వాత ఇంకో మాట వచ్చేదాకా మనం ఆగాలి. ఆగే ఓపిక లేనివాళ్లు ఆ పిల్లకు బుర్ర లేదని తేల్చేసేవాళ్లు. బుర్ర ఎంత ఉందో నాకు తెలుసు. నన్నే రెండుసార్లు బోల్తా కొట్టించింది.

"సర్టిఫికెట్ దేనికి సార్?" అన్నాను.

"రేపు తనిఖీకొచ్చి ఈ పిల్లకు చదవడం ఎందుకు రాలేదని నన్నడుగుతారు. అప్పుడు కాగితం చూపిస్తాను. కాగితం లేకపోతే నా మొహం చూపించాలి."

ఆయన చెడ్డవాడేమీ కాదు. తన మొహం మీద తనకు నమ్మకం లేదు, అంతే.

నేను బోనకల్‌లో, రైల్వే స్టేషన్‌కు దగ్గరి కిరాణా కొట్టులో పెరిగాను. అక్షరాల కంటే ముందు బేరం నేర్చుకున్నాను. ఇప్పటికీ దవాఖానాలో రెండు సూదులు రాస్తే ఒకటి చాలదా అని అడుగుతాను. అలాంటి మనిషిని తీసుకొచ్చి ప్రభుత్వం విలీన విద్య టీచరును చేసింది. వైకల్యమున్న పిల్లలు మామూలు బడిలో, మిగతా పిల్లల పక్కనే కూర్చొని చదువుకునేలా చూడటం మా పని. ఉద్యోగం ఏటేటా కొత్తగా రాసుకునే కాంట్రాక్టు. పనిచేసే చోటు నాలుగు తండాలు, మూడు గూడేలు. బస్సు దిగాక మిగిలిన దూరమంతా నా కాళ్లదే. మా చుట్టాలు ఈ ఉద్యోగాన్ని సేవ అనేవాళ్లు. నాకు మాత్రం పొద్దున లేస్తే బేరమే. తల్లితో బేరం, బడితో బేరం, బస్సు కండక్టరుతో బేరం.

ఆఫీసు మాకిచ్చిన పెట్టెలో రంగు పూసలు, చెక్క మేకులు ఉండేవి. వాటితో చేతులకు కసరత్తు చేయించాలి. అంతకు ముందు ఏడాది నేను మొదలుపెట్టినప్పుడు పిల్ల రెండు రోజులు ఆడి పక్కకు నెట్టేసింది. "చిన్నపిల్లలవి" అంది. అప్పటికి దానికి పదేళ్లు. అంటే నన్ను కూడా కలిపే అన్నదేమోనని ఇప్పటికీ నా అనుమానం.

అప్పుడు మా నాన్న కొట్టు గుర్తొచ్చింది. వాళ్ల గుడిసె దూలానికి పురికొస ఉండ వేలాడదీశాను. పాత పేపర్లు చింపి ముక్కలు చేశాను. దోసెడు చింతగింజలు పోసి, పొట్లం కట్టమన్నాను. మా నాన్న మాట్లాడుతూనే, చేతుల వైపు చూడకుండా పొట్లం మడిచి, పురికొస రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవాడు. ఆయనకు రెండు చేతులున్నాయి. ఒంటిచేత్తో ఎలా కట్టాలో నాకూ తెలియదు. నా కుడిచేతిని కొంగుతో నడుముకు కట్టేసుకొని కూర్చున్నాను. చింతగింజలు గుడిసె నిండా దొర్లాయి. పిల్ల పడీపడీ నవ్వింది. దాని తల్లి వచ్చి, "మేడం, నీకే రాదు, దానికేం నేర్పుతవ్?" అంది.

నిజమే. నేను నేర్పలేదు. వానలు మొదలైనప్పుడు పట్టిన పని, ఎండాకాలంలో ఇప్పపూలు రాలే నాటికి అదే సాధించింది. మడుచుకుపోయిన మణికట్టును కాగితం మీద బరువుగా మోపుతుంది. ఎడమచేత్తో మడతలు పెడుతుంది. పురికొస ఒక కొస పళ్ల మధ్య పట్టి, రెండో కొస చుట్టి ముడి లాగుతుంది. ఆ పొట్లాన్ని నేల మీద విసిరికొట్టినా గింజ బయటికి రాదు. నేను విసిరి చూశాను. అదే మణికట్టు నోటుపుస్తకం కదలకుండా పట్టుకోవడం మొదలుపెట్టింది. ఎడమచేతి అక్షరాలు గీతల మధ్యకు వచ్చాయి.

ఇంత జరిగాక హెడ్మాస్టరు సర్టిఫికెట్ అడిగాడు. ఆ నెలలోనే వైకల్య నిర్ధారణ శిబిరం పెట్టారు. డాక్టరు చూసి శాతం రాస్తాడు. నలభై, ఆ పైన ఉంటే సర్టిఫికెట్. తగ్గితే లేదు. నేను వెంటనే లెక్క వేసుకున్నాను. పిల్ల వైకల్యం ఎంత ఎక్కువగా కనిపిస్తే మన బేరం అంత గట్టిది. కొట్టులో పుట్టిన బుద్ధి కదా, సరుకు ఎటు అమ్ముడుపోతుందా అనే చూస్తుంది. అమ్ముతున్నది ఏమిటో చూడదు.

బస్సులో పిల్లకు పాఠం చెప్పాను. "డాక్టరు చూసేటప్పుడు కుడిచెయ్యి కదపకు. పొట్లం మాట ఎత్తకు. మాట నెమ్మదిగా చెప్పు."

"నెమ్మదిగనే... చెప్త గద" అంది.

తల్లి పక్క నుంచి, "మేడం చెప్పినట్టు చెయ్యి బిడ్డా" అని, తర్వాత వాళ్ల లంబాడీ భాషలో ఏదో గట్టిగా చెప్పింది.

పిల్ల కిటికీలోంచి చూస్తూ అడిగింది. "కట్టరాదని... చెప్పాల్నా?"

"ఇవాళ ఒక్కరోజే."

"రేపు... వస్తదా?"

నేను వినబడనట్టు కూర్చున్నాను. బస్సు మోత ఆ రోజు నాకు బాగా పనికొచ్చింది.

శిబిరం మండలాఫీసు హాల్లో. బయట వరండా నిండా కర్రలు, చంకలో పిల్లలు, నేల మీద పాకేవాళ్లు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవలేదని ఆయన కళ్లు చెబుతున్నాయి. పిల్ల మణికట్టు పట్టుకొని ఎంత వంగుతుందో, ఎంత చాపగలదో కొలిచాడు. పిల్ల కర్రలా నిలబడింది. చెప్పినట్టే చేస్తోందని నాకు లోపల సంతోషం.

"ఈ చేత్తోని ఏం పని చేస్తవ్ బిడ్డా?" అనడిగాడు డాక్టరు.

పిల్ల నా వైపు చూసింది. నేను చిన్నగా తల అడ్డంగా ఊపాను. ఆ ఊపు ఈ రోజుకీ నా మెడలో ఉంది.

పిల్ల లంగా బొడ్లోంచి పురికొస ముక్క తీసింది. అంటే ఇంటి దగ్గరే నిర్ణయించుకొని వచ్చిందన్నమాట. బల్ల మీది గుండుసూదుల డబ్బా దగ్గరికి లాక్కుంది. పక్కనున్న ఖాళీ కాగితం మీద దాన్ని పెట్టి, మణికట్టు మోపి, మడిచి, కొస పళ్లతో పట్టి, రెండు చుట్లు తిప్పి ముడి లాగింది. డాక్టరు ముందుకు జరిపి, "తీస్కో" అంది. ఆ మాట మాత్రం సాగలేదు.

డాక్టరు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు నేర్పిన్రు?"

పిల్ల గడ్డంతో నన్ను చూపించింది.

"బాగ నేర్పినవమ్మా" అని, ముప్పై అని రాశాడు.

"సార్, నలభైకి చూడండి."

"కండ్ల ముందర కట్టి చూపెట్టినంక నలభై ఎట్ల రాస్త?"

"పోనీ, ముప్పై అయిదు."

ఆయన కలం ఆపాడు. "ముప్పై అయిదైనా నీకు పనికిరాదు గదమ్మా. ఎందుకడుగుతున్నవ్?"

"అలవాటు సార్" అన్నాను.

బస్‌స్టాప్‌లో తల్లి నా మీద విరుచుకుపడింది. "నువ్వే నేర్పినవ్, నువ్వే వద్దన్నవ్. ఇప్పుడు కాయితం లేదు, బడి లేదు. నా కూలి పాయె. గీ పిల్లను ఏం చెయ్యాలె, చెప్పు?"

పిల్ల దగ్గరికి వెళ్లి, తప్పు నాదన్నాను. అది మిగిలిన పురికొసను వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. నెలల తరబడి నీకు వచ్చునని చెప్పి, ఒక్క పూటలో రాదని చెప్పమన్నాను. నా మాటను నా కంటే గట్టిగా నమ్మింది ఆ పిల్ల. నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు. రాదంటేనే రానిచ్చే బడి మీద. ఆ బడికి తగ్గట్టు తల ఊపిన నా మీద.

తిరుగు బస్సులో ఆ కాగితాన్ని మళ్లీ చదివాను. కుడిచేతి వైకల్యం ముప్పై శాతం, సర్టిఫికెట్‌కు అర్హత లేదు, కింద గుండ్రటి ముద్ర. మా నాన్న కొట్టులో బియ్యం బస్తా అడుగున నూకలు తేలితే వాటిని దాచేవాడు కాదు. జల్లెడ పట్టి, వేరే డబ్బాలో పోసి, ఉప్మాకు ఇంతకన్నా మంచివి దొరకవని ముందు వరసలో పెట్టేవాడు. నేను ఆ కాగితాన్ని మడవకుండా, నలగకుండా పుస్తకంలో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం హెడ్మాస్టరు గదిలో ఉన్నాం. కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, "అర్హత లేదని రాశారు కదా మేడం" అన్నాడు, ఊపిరి పీల్చుకున్నట్టు.

"అవును సార్. సర్టిఫికెట్ ఇచ్చేంత వైకల్యం లేదని సర్కారు డాక్టరే రాశారు. అలాంటప్పుడు మిగతా పిల్లల్లాగే చేర్చుకోవాలి. మిగతా వాళ్లను ఏ కాగితం చూసి చేర్చుకున్నారు?"

"తెలివిగా మాట్లాడకండి."

"మీరేమో ఈ పిల్ల మా బడికి పనికిరాదంటారు. డాక్టరేమో శిబిరానికి పనికిరాదంటాడు. రెండు చోట్లా పనికిరాకుండా ఎలా ఉంటుంది సార్? మనిషన్నాక ఎక్కడో ఒక లెక్కలోకి రావాలి కదా."

"ఫెయిలైతే?"

"మీ బడిలో ఇంతవరకూ ఎవరూ ఫెయిలవలేదా?"

పేపర్‌వెయిట్ తిరగడం మొదలైంది. నేను ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "చేర్చుకోనంటే ఆ మాటే రాసివ్వండి సార్. కారణం కూడా రాయండి."

పేపర్‌వెయిట్ ఆగింది. "ఎవరికి చూపిస్తారు?"

"ఇంకా అనుకోలేదు."

ఆయన తెల్లకాగితాన్ని నా వైపు జరిపాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, ఒక పని చేద్దాం. మూడు నెలలు తరగతిలో కూర్చోనివ్వండి. రిజిస్టరులో పేరు తర్వాత రాద్దాం" అన్నాడు.

మంచి బేరమే. అవతలివాడు సగానికి దిగాడు, నేను సగానికి దిగితే కుదిరిపోతుంది. నా రక్తంలో ఉన్నది అదే. నోటిదాకా సరే వచ్చింది. పక్కకు చూశాను. పిల్ల నన్నే చూస్తోంది, నిన్న డాక్టరు ముందు చూసినట్టే.

"పేరు ముందు సార్" అన్నాను.

"అట్లా పట్టుబడితే ఎట్లా? మీరూ కొంచెం తగ్గాలి కదా."

"నిన్న తగ్గాను సార్. ఇవాళ తగ్గను."

అప్పుడు పిల్ల ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, "నా పేరు... రాయి... సారూ" అంది. తల్లి కంగారుపడి, "రాయండి అనాలె" అని దాని వీపు మీద చరిచింది. హెడ్మాస్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. సొరుగు లాగి రిజిస్టరు తీశాడు. పేరు, ఊరు, తండ్రి పేరు రాసి, దరఖాస్తు ఫారం మా వైపు తిప్పాడు. "తల్లి వేలిముద్ర. పిల్లకు సంతకం వస్తే సంతకం."

పిల్ల కుర్చీ ఎక్కి మోకాళ్ల మీద కూర్చుంది. ఫారం మీద మణికట్టు మోపింది. ఎడమచేత్తో కలం పట్టుకుంది. ఫ్యాను గాలికి ఫారం కొస ఎగురుతుంటే, పట్టుకుందామని హెడ్మాస్టరు చెయ్యి ముందుకు వచ్చింది.

"వద్దు" అంది పిల్ల, తల ఎత్తకుండా.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గంట కొట్టారు. వరండాలో పిల్లలు పరుగులు పెట్టారు. ఎవరో టీచరు తలుపు దగ్గరికి వచ్చి, సార్ క్లాసు అని గుర్తు చేసింది. ఆయన ఆగమన్నట్టు వేలు చూపించాడు. ఫారంలో సంతకానికి ఇచ్చిన గడి చిన్నది. పిల్ల పేరు గడి దాటి, గీత దాటి, పక్కన ఆఫీసు వాళ్లు మాత్రమే రాయాలన్న చోటులోకి పోయింది. ఎవరూ అడ్డం చెప్పలేదు.